ఇప్పనూనె మోంబత్తులు

నేను నల్లగొండలో ఒక చిన్న ల్యాబులో రక్తం తీసే పని చేస్తాను. మొన్న ఒక సోమవారం పొద్దున, పరగడుపు జనం వరుస కట్టి నిలబడ్డ వేళ, ఒకామె వచ్చి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. పట్టీ బిగించి నరం వెతుకుతూ చీటీ మీద పేరు చదివాను. స్వప్న. తల ఎత్తి మొహం చూశాను. ఆ స్వప్నే, మా బడి పెద్ద సారు బిడ్డ. సూది నా చేతిలో ఉంది, ఆమె చెయ్యి నా ముందు ఉంది, నా కడుపులో పదకొండేళ్ళ కోపం ఉంది. దేవుడు ఇలాంటి అవకాశం మళ్ళీ ఇవ్వడని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కానీ పని పనే. ఒక్క పోటుకే నరం దొరికింది. ఆమె దూది అదిమి పట్టుకుని నన్ను పరీక్షగా చూసి, "నువ్వు రూతువు గదా? వంట శాంతమ్మ బిడ్డవు?" అంది. అవునన్నాను. "గా మోంబత్తులు యాదికొస్తే నాకిప్పటికీ సిగ్గయితది" అని, వెనక వరుసలో వాళ్ళు విసుక్కుంటున్నా కదలకుండా కూర్చుని, ఇంకో మాట చెప్పి వెళ్ళింది. ఆ మాటతో తెలిసింది నాకు, ఇన్నేళ్ళూ నేను తిట్టుకుంటున్నది తిట్టాల్సిన మనిషిని కాదని. ఇరవై అయిదేళ్ళకే జ్ఞాపకాలు రాస్తారా అని మా ఆయన నవ్వుతున్నాడు. రాస్తారు. మంట ఉన్నవాళ్ళు ఎప్పుడైనా రాస్తారు. ఆమె ఏం చెప్పిందో చెప్పేముందు మోంబత్తుల, అదే కొవ్వొత్తుల, సంగతి చెప్పాలి. లేకపోతే, పోనీలే చిన్నప్పటి సంగతి అంటారు మీరు కూడా.

మా ఊరు మర్రిగూడ దాటినాక, గుట్టల కింద. మా ఇంట్లో అప్పుడు ముగ్గురమే. నేను, అమ్మ, మా బాపు తల్లి మేరమ్మవ్వ. బాపు చిట్యాల దగ్గర లారీల మీద హమాలీ పనికి పోయి, అక్కడి పెద్ద రోడ్డు మీదే ప్రాణం వదిలాడు. అప్పుడు నేను నాలుగో తరగతి. ఏటా దీపావళికి అటూ ఇటుగా మా చర్చివాళ్ళకు సమాధుల పండుగ వస్తుంది. అందరూ సున్నం కొట్టి, బంతిపూలు పరిచి, పొద్దు వాలుతుంటే సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఊరంతా దుకాణంలో డబ్బాలు కొనుక్కొస్తే మా అవ్వ మాత్రం ససేమిరా అనేది. మా తాత పోయిన ఏడు నుంచి ఆమె సమాధి మీద వెలిగించే వత్తి ఇంట్లోనే చేసేది. ఎందుకవ్వా ఈ తిప్పలు అంటే, "కొన్న మోంబత్తి కాల్తుంటే దుకాణపోడు యాదికొస్తడే పొల్లా. చేసిన మోంబత్తి కాల్తుంటే చచ్చినోడు యాదికొస్తడు" అనేది.

ఆ పని ఒక్కరోజుది కాదు. తొలకరి వానలు పడుతుంటే గుట్ట మీద ఇప్పచెట్ల కింద కాయలు రాలేవి. తెల్లారకముందే పోవాలి, లేకపోతే మేకలవాళ్ళు వచ్చేస్తారు, మేకలు తొక్కేస్తాయి. అవ్వకు ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి మోకాళ్ళు వంగవు, నడుము లేవదు. గుట్ట కింద బండ మీద కూర్చుని "గా కొమ్మ కింద సూడు, గాడ మస్తు రాలినయ్" అని కేకలేస్తూ ఉండేది, నేను సంచి పట్టుకుని తిరిగేదాన్ని. కాయ పిసికితే గుజ్జు జారిపోయి లోపల గోధుమరంగు గింజ నిగనిగలాడుతూ బయటపడేది. ఆ గుజ్జు వాసన చేతులను మూడు రోజులు వదిలేది కాదు, బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది. గింజలు రాయితో పగలగొట్టి, పప్పు ఎండబెట్టి, మూకుట్లో కొంచెం వెచ్చచేసి, రోట్లో వేసి దంచాలి. అవ్వ వేళ్ళు ముడుచుకుపోయి రోకలి పట్టనిచ్చేవి కావు. దంచడం నా వంతు, తిట్టడం ఆమె వంతు. దంచిన ముద్దను నీళ్ళలో వేసి ఉడికిస్తే నూనె పైకి తేలేది. గరిటెతో దాన్ని తీసి, మళ్ళీ పొయ్యి మీద పెట్టి చుక్క నీరు లేకుండా చిటపట ఆగేదాకా కాచి, కుండలో పోసి మూత పెట్టేవాళ్ళం. ఇల్లంతా చేదుచేదుగా ఒక వాసన. అమ్మకు ఆ వాసన గిట్టదు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పని చేసుకునేది.

ఆ తర్వాత చెయ్యాల్సింది ఏమీ చెయ్యకపోవడం. అదే నాకు కష్టం. ఇప్పనూనె ఎండాకాలంలో నీళ్ళే, వానాకాలంలో జావే. చలి పెట్టాకే నెయ్యిలా పేరుతుంది. నేను రోజూ బడి నుంచి వచ్చి మూత తీసి చూసేదాన్ని. "ఓసి దానికి నీ తొందర దెల్వదు. సలి వెట్టనీ" అనేది అవ్వ. చలి పెట్టి కుండలో నూనె పసుపుపచ్చగా గడ్డకట్టిన రోజు ఇంట్లో పండుగ మొదలైనట్టే. గుట్టబండలకు తేనెతుట్టెలు కొట్టేవాళ్ళ దగ్గర అవ్వ ముందే మైనం అడిగి దాచిపెట్టేది. రెండు గరిటెల నూనెకు నిమ్మకాయంత మైనం. అది లేకపోతే వత్తి నిలబడదు, కూలబడుతుంది. వత్తికి దారం చేలల్లో ఏరుకొచ్చిన పత్తితోనే పేనేది. పోయడానికి అచ్చు మా పెరట్లోని బొప్పాయి ఆకు కాడ. అది లోపల బోలుగా ఉంటుంది కదా, ఒక కొన మైనంతో మూసి, మంచినీళ్ళ కుండ కింద తడి ఇసుకలో నిలువునా గుచ్చి, దారాన్ని చీపురుపుల్లకు కట్టి కాడలోకి వేలాడదీసి, కరిగిన నూనె మెల్లగా పోసేదాన్ని. అవ్వ చేతులు వణికేవి కాబట్టి పోత నాదే. ఒకపూట ఆగి కాడ చీల్చి ఒలిస్తే లోపలి నుంచి నున్నటి వత్తి వచ్చేది. అవ్వ దాన్ని చెంపకు ఆనించుకుని చల్లదనం చూసేది. బాగుందని నోటితో ఎప్పుడూ అనలేదు గానీ, చెంపకు ఆనించిందంటే బాగున్నట్టు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నేను తొమ్మిదో తరగతి. బళ్ళో సైన్సు చెప్పేది పెద్ద సారే. మొక్కల మీద కూడా మైనం ఉంటుందని, ఎండకు నీరు ఆవిరైపోకుండా అది కాపాడుతుందని ఆయన ఒకరోజు చెప్పారు. నా బుర్రలో పురుగు తొలిచింది. మా చుట్టూ ఎటు చూసినా ఆముదం చేలే. ఆముదం కాండం మీద తెల్లగా బూడిదలాంటి పూత ఉంటుంది, వేలితో రాస్తే వస్తుంది. అది మైనమే కదా, తేనెమైనం ఎందుకు, దీన్నే గీకి కలిపేద్దాం అనుకున్నాను. వారం రోజులు, బడి అయిపోగానే, ఒక చెంచా పట్టుకుని చేలెంబడి తిరిగి ఆముదం చెట్లను గీకాను. చేలవాళ్ళు పిచ్చిదని నవ్వారు. వారానికి వచ్చింది నా చిటికెనవేలి గోరు మీద పట్టేంత. అవ్వ దాన్ని చూసి, బోసినోరు తెరిచి, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. "ఇగ సాలు తీ. గీ లెక్కన నీ మనుమరాలి పెండ్లినాటికి ఒక్క మోంబత్తయితది" అంది. నాకు రోషం వచ్చి ఆ గోరంత మైనాన్ని కూడా ఒక వత్తిలో కలిపాను. కలిపినట్టు వత్తికి తెలిసి ఉండదు.

ఆ చలికాలమే బళ్ళో సైన్సు ప్రదర్శన పెట్టారు. నేను పన్నెండు వత్తులు, కుండలో పేరిన నూనె, చీల్చిన బొప్పాయి కాడ, ఇప్పగింజలు ఒక బల్ల మీద పేర్చాను. అట్ట మీద అంతా నా చేత్తో రాశాను, ఆముదం సంగతి, గోరంత వచ్చిన సంగతి కూడా రాశాను. పెద్ద సారు మా బల్ల దగ్గర ఆగిపోయారు. ఆయన మంచి సారే, అది చెప్పాలి. తన బిడ్డను కూడా సర్కారు బళ్ళోనే చదివిస్తున్నానని గర్వంగా చెప్పుకునేవారు. వత్తిని తిప్పి తిప్పి చూసి, "ఎవలు నేర్పిన్రే నీకిది?" అన్నారు. మా అవ్వ సార్ అన్నాను. "శభాష్. జిల్లాకు పోతున్నవ్ నువ్వు. నల్లగొండల పెద్ద పెద్దోళ్ళు వచ్చి అడుగుతరు, మంచిగ చెప్పాలె" అన్నారు. నేను ఇంటికి నడవలేదు, ఎగిరాను. నేను అప్పటికి నల్లగొండ చూడలేదు. కానీ నాకు కావాల్సింది నల్లగొండ కాదు. అక్కడ మైకులో మేరమ్మ మనుమరాలు రూతు అని నా పేరు పిలవాలి. వంటామె బిడ్డ అని కాకుండా, బాపు లేని పొల్ల అని కాకుండా, నేను చేసిన పనితో ఒక్కసారి నన్ను పిలవాలి. అంతే నా ఆశ. అవ్వ ఆ వారం రోజులూ నన్ను కూర్చోబెట్టి, తనే పెద్ద సారైనట్టు ప్రశ్నలు అడిగింది. "మైనమెంత?" నిమ్మకాయంత. "ఏ నిమ్మకాయంత? నిమ్మకాయలు చిన్నయుంటయ్, పెద్దయుంటయ్." ఏ సారూ అడగని ప్రశ్నలు ఆమె అడిగేది. అమ్మ వంటింటి గడపలో కూర్చుని వినేది.

అమ్మ బళ్ళో మధ్యాహ్న భోజనం వండేది. బాపు పోయినప్పటి నుంచి మా పొయ్యి వెలిగేది ఆ పొయ్యి వల్లే. నేను ఆమె వంటల మీద, ఆమె పొగ వాసన మీద బళ్ళో పిల్లలు అనే మాటలన్నీ మింగి ఊరుకునేదాన్ని, ఎందుకంటే ఆ గిన్నెలో అన్నమే నేనూ తినేది.

పోవాల్సిన రోజు పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ చేయించిన బట్టలు వేసుకుని, అమ్మతో ఎర్ర రిబ్బన్లు కట్టించుకుని బడి గేటు దగ్గరికి పోయాను. జీపు నిలబడి ఉంది. వెనక సీట్లో నా పన్నెండు వత్తులు గడ్డి పరిచిన డబ్బాలో ఉన్నాయి. వాటి పక్కన స్వప్న కూర్చుని ఉంది. ఒళ్ళో అట్ట. అట్ట మీద అక్షరాలు నావి కావు, గుండ్రంగా ఆమెవి. పైన ఆమె పేరు. ఇంకా ముందు సీట్లో నేను కూర్చుంటానేమో అనుకుని డోరు మీద చెయ్యి వేశాను. పెద్ద సారు నా మొహం చూడకుండా, "ఒక్కలకే అవకాశముంది బిడ్డా. నీకు మాట రాదు. పెద్దోళ్ళు అడుగుతే బెదురుతవ్. స్వప్న చెప్తది తీ" అన్నారు. జీపు పోయింది. నేను వంట షెడ్డుకు పరుగెత్తాను. అమ్మ పప్పు గంజులో తెడ్డు తిప్పుతోంది. చెప్పాను, వెక్కుతూ, పొందిక లేకుండా. అమ్మ తల ఎత్తలేదు. "పొగకు దూరముండు, అంగి కరాబైతది" అంది.

అవ్వ మాత్రం ఊరుకోలేదు. వంగని మోకాళ్ళతో బడి దాకా నడిచిపోయి, తాళం వేసిన ఆఫీసు ముందు నిలబడి శాపనార్థాలు పెట్టింది. "పసిపోరి నోట్లెది గుంజుకున్నోడు, వాని నోట్లె మన్ను వడ! పోరికి మాట రాదంటడా? వానికి మానం రాదు!" అని. బడి విడిచిన పిల్లలంతా చుట్టూ చేరి విన్నారు. అమ్మ వచ్చి అవ్వను రెక్క పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. స్వప్నకు రెండో బహుమతి వచ్చిందని, పేపర్లో ఫొటో పడిందని తర్వాత తెలిసింది. నేను చూడలేదు, చూడదలచుకోలేదు. ఆ కుండలో మిగిలిన నూనెను తీసుకుపోయి పెంటకుప్ప మీద గుమ్మరించాను. మరుసటి ఏడు తొలకరికి "గుట్టకు పోదామానె?" అని అవ్వ అడిగితే, నాకు పదో తరగతి చదువుందన్నాను. ఆ మరుసటి ఏడు ఆమె అడగలేదు. ఇంకో ఏడాదికి పోయింది. పోయేదాకా పెద్ద సారు పేరు ఎత్తితే ఉమ్మేసేది. ఆమె సమాధి మీద మొదటి పండుగకు నేను వెలిగించింది మర్రిగూడ దుకాణంలో కొన్న తెల్ల కొవ్వొత్తి. అది కాలుతుంటే, ఆమె అన్నట్టే, దుకాణంలో డబ్బా తీసిచ్చిన మనిషి మొహమే కళ్ళ ముందుకొచ్చింది. అవ్వకు నేను చేసిన అన్యాయం అది, దాన్ని కూడా పెద్ద సారు ఖాతాలోనే వేసి తిట్టుకున్నాను.

"మాట రాదు" అన్న రెండు మాటలు నాతోనే ఉన్నాయి. ఇంటర్లో, ల్యాబ్ కోర్సులో, ఉద్యోగానికి అడగబోయినప్పుడు, పెళ్ళిచూపుల్లో, ఎక్కడ నోరు తెరవబోయినా ముందు ఆ మాటలే వినిపించేవి. అందుకే రక్తం తీసే పని నచ్చింది కాబోలు. పిడికిలి బిగించండి, వదలండి. ఇంతకు మించి మాట్లాడే అవసరం లేదు.

ఇక ఆ సోమవారం స్వప్న ఏం చెప్పిందో చెప్తాను. ముందు ఆమె నవ్వింది. "నల్లగొండల ఒకాయన, ఆముదం మొక్క మీదికెళ్ళి మైనం ఎంత వచ్చిందమ్మా అనడిగిండు. నాకేం దెల్సు? కిలో వచ్చింది సార్ అన్న. అందరు ఒక్కటే నవ్వుడు" అంది. నాకూ నవ్వు వచ్చింది, దాచుకోలేకపోయాను. గోరంతను కొండంత చేయడమంటే అదే. అప్పుడు ఆమె గొంతు తగ్గించి, "మా డాడీ మొదలు వద్దన్నడు రూతూ, ఒట్టు. మీ అమ్మనే మా ఇంటికొచ్చింది ముందురోజు. నేను ఆడనే ఉన్న. మీ బిడ్డ పేరు మీదనే పంపుండ్రి సార్, మా పొల్లకు మాట రాదు, ఆడ నవ్వులపాలైతది అన్నది. మీ అమ్మ నీకు చెప్పలేదా?" అంది. నేను తర్వాతి పేరు పిలిచాను. ఆ రోజు మరో ముప్పైమందికి రక్తం తీశాను, ఒక్కరికి కూడా రెండోసారి పొడవాల్సిన అవసరం రాలేదు.

ఆదివారం ఊరికి పోయాను. గుట్ట సగం చదును చేసి ప్లాట్ల రాళ్ళు పాతారు, ఇప్పచెట్లు నాలుగైదు మిగిలాయి. ఇంటింటికీ నల్లా నీళ్ళు వచ్చాయి. మా ఇంట్లో గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు ఉన్నాయి. ఆ రోజుల్లో ఫ్రిజ్జు ఉంటే చలి కోసం కాచుకునేవాళ్ళమే కాదు. అప్పటితో పోలిస్తే అన్నీ సులువయ్యాయి, ఒక్క మా అమ్మను అడగడం తప్ప. చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుని చింతపండు గింజ తీస్తూ కూర్చున్న అమ్మ ఎదురుగా నిలబడి, కూర్చోకుండానే అడిగాను. కాదంటుందనే అనుకున్నాను. కాదంటే నమ్మేయడానికి సిద్ధపడే పోయాను కూడా.

"నేనే చెప్పిన" అంది, గింజ తీయడం ఆపకుండా.

"ఎందుకు?"

"గప్పుడు వేరే పొదుపు గుంపోళ్ళు వంటపని మాకియ్యుండ్రని సారు మీద పడ్డరు. మాపటికి బడి కమిటీ తీర్మానం అన్నరు. నా చేతుల ఇయ్యనీకె ఇంకేమున్నదే? సారు బిడ్డకు ఏ ప్రాజెట్టు కుదుర్తలేదని సారు భార్య అనంగ విన్న. పోయి చెప్పిన. మనిషన్నంక మొకమాటముంటది గద, వంటపని మనకే ఉంచిండు."

"నాకు మాట రాదని కూడా నువ్వే అన్నవా?"

"అన్న. ఏదో ఒకటి అనాలె గద."

"నాకు మాట రాదా అమ్మా?"

అప్పుడు చూసింది నా మొహంలోకి. "ఎందుకు రాదు? మస్తొస్తది. గందుకే గిట్ల నిలవెట్టి కడుగుతున్నవ్" అంది.

గడప మీద కూర్చున్నాను. అవ్వ అన్నన్ని శాపనార్థాలు పెడుతుంటే పక్కనే నిలబడి విన్న మనిషి ఈమె. పదకొండేళ్ళు నేను సారును తిట్టినప్పుడల్లా, కూర వేస్తూ, జడ వేస్తూ, నా పెళ్ళిలో పసుపు రాస్తూ విన్న మనిషి. నా పేరు ఇచ్చేసిందన్నదాని కన్నా ఆ వినడమే నాకు ఎక్కువ కాలింది. "నన్నొక్కసారి అడుగుతే ఏమాయె?" అన్నాను. "పొయ్యి పోతదంటే నేను ఇయ్యకపోదునా? నేనే ఇస్తుంటి గదనే!"

"ఇస్తుంటివి" అంది అమ్మ. "గది ఎర్కనే. గందుకే అడగలె. సారు గుంజుకున్నడనుకుంటే నీకు కోపమొస్తది. అమ్మకు ఇచ్చిన్ననుకుంటే ఇచ్చుడు అలవాటైతది. అలవాటైనంక ఏమైతదో నన్ను సూడు."

చింతపండు చేట పక్కన పెట్టి లేచి, చేతులు కడుక్కుని లోపలికి పోయింది. ఆమె చెప్పింది నిజమే కావచ్చు. అయినా ఆ ఆలోచనంతా నా గురించి నన్ను వదిలేసి ఆమె ఒక్కతే చేసుకుంది, నా పద్నాలుగేళ్ళ వయసులో ఒక పొద్దున నన్ను రిబ్బన్లతో ఆ గేటు దగ్గరికి పంపింది. ముందురోజు సాయంత్రమే అంతా అయిపోయిందని తెలిసి కూడా, ఆ రిబ్బన్లు కట్టింది ఆమే. నేను క్షమించలేదు. ఇది రాస్తున్న ఈ పూటకు కూడా క్షమించలేదు, రేపటి సంగతి తెలియదు.

కాసేపటికి పళ్ళెంలో అన్నం, కోడికూర తెచ్చి నా ముందు పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుని, నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా చూసింది. ఎట్లుందే అని అడిగింది. ఉప్పు ఎక్కువైందని చెప్పాను. ఎక్కువ కాలేదు.